కుళాయి వాషరు ఎవరిది, గోడలో పైపు ఎవరిది?

పోయిన సంచికలో అద్దె ఇళ్ల గురించి ఏవో నాలుగు ముక్కలు రాసి, సందేహాలుంటే పంపమన్నాను. పంపారు. ఉత్తరాలు కొన్ని, వాట్సాప్‌లో వచ్చినవి ఇంకొన్ని, అన్నీ చదివేసరికి రెండు మధ్యాహ్నాలు గడిచిపోయాయి. మూడొంతులు ఓనర్లవే, అందులోనూ ఎక్కువ భాగం కోపం మీద రాసినవే. ఒకాయనైతే ప్రశ్న అడగడం మర్చిపోయి రెండు పేజీలూ తిట్టి కింద సంతకం పెట్టారు.

నన్ను కొత్తగా చదివేవాళ్లకు ఒక మాట. విజయనగరంలో అయ్యకోనేరు గట్టు దగ్గర మాకో మేడ ఉంది, కింద మేముంటాం, పైన రెండు పోర్షన్లు అద్దెకిస్తాం. అంతకుముందు మావారి ట్రాన్స్‌ఫర్ల పుణ్యమా అని శ్రీకాకుళం, పాలకొండ, బొబ్బిలి తిరిగి ఏడు ఇళ్లలో అద్దెకున్నాను. ఓనరమ్మ గొంతు విని భయపడ్డ రోజులూ ఉన్నాయి, ఓనరమ్మనై అరిచిన రోజులూ ఉన్నాయి. అందుకని ఏ ఒక్క పక్షం వైపూ పూర్తిగా మాట్లాడలేను, ముందే చెప్పేస్తున్నా.

ప్రశ్న: అమ్మా, విజయనగరం బాలాజీనగర్‌లో మాది రెండు వాటాల ఇల్లు. కింద వాటా ఎనిమిది నెలల కిందట ఒక కుటుంబానికి నెలకు 9,000కి ఇచ్చాం. అద్దె ఐదో తారీఖుకల్లా వేసేస్తారు, కాదనను. కానీ ఫోన్లు భరించలేకపోతున్నాం. వంటింట్లో కుళాయి కారుతోంది, ట్యూబ్‌లైటు పోయింది, దోమల మెష్ చిరిగింది, సింకు నిండిపోతోంది, బాత్రూం తలుపు ఉబ్బి పడట్లేదు, హాలు రంగు చీకటిగా ఉంది లేత రంగు వేయించండి, అల్మరా గొళ్లెం ఊడింది... గీజరు వేసి నీళ్లు పట్టుకుంటే జిల్లుమంటోందన్నారు, మూడోసారి అన్నాక ఎలక్ట్రీషియన్ని పంపాను. మొన్న రాత్రి పదిన్నరకు మోటారు ఎక్కట్లేదని ఫోను. మావారు ఖాళీ చేయించేద్దాం అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఏమీ అనుకోకండి గానీ, మీ ఉత్తరంలో ఇన్ని ఫిర్యాదులున్నాయి కదా, వాటిలో నా గుండె ఆగినంత పని చేసింది ఒక్క గీజరే, దాన్నే మీరు మధ్యలో పడేసి దాటిపోయారు. జిల్లుమందని మనిషి చెప్తే అది కోరిక కాదు. నీళ్లలో చెయ్యి పెట్టినవాళ్లకు షాక్ తగులుతోందంటే గీజరు లోపల ఎలిమెంటు పాడై ఉండాలి, దానికి తోడు ఎర్తింగ్ సరిగ్గా లేకపోయి ఉండాలి. ఎర్తింగ్ బావుంటే ఆ కరెంటు మనిషిలోంచి కాక భూమిలోకి పోతుంది. మీ ఎలక్ట్రీషియన్ వచ్చి ఎలిమెంటు మార్చి వెళ్లిపోయాడా, ఎర్త్ కూడా చూశాడా, ముందది కనుక్కోండి. మీటరు దగ్గర 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడమనండి, మనవైపు ఎలక్ట్రీషియన్లు దాన్నింకా ఈఎల్‌సీబీ అనే అంటారు. కరెంటు దారి తప్పి లీకవుతుంటే రెప్పపాటులో లైను కట్ చేసేది అదే, లోడు ఎక్కువైతే పడిపోయే మామూలు ఎంసీబీ స్విచ్చు ఆ పని చెయ్యదు. అది లేకపోతే ఈ సంచిక పక్కన పెట్టి ముందు ఫోను చెయ్యండి. మిగతాది సాయంత్రం చదువుకోవచ్చు.

ఇప్పుడు అసలు విషయం. వాళ్లు ఫోన్లు ఎక్కువ చేస్తున్నారు, నిజమే. కానీ ఆ గీజరుకు మూడుసార్లు అడగాల్సి వచ్చింది కదా, దాంతో ఈ ఇంట్లో ఒక్కసారి అడిగితే పని జరగదు, పదిసార్లు అడిగితే జరుగుతుంది అని వాళ్లకు మీరే నేర్పారు. నేర్చుకున్నారు. నేను అద్దెకున్నప్పుడు బొబ్బిలిలో సరిగ్గా ఇలాగే చేశాను, లెట్రిన్ గొట్టం పగిలితే ఓనరుగారు ‘చూద్దాం’ అని పదకొండు రోజులు గడిపారు, ఆ తర్వాత బల్బు మాడిపోయినా ఆయన గుమ్మం ముందే నిలబడేదాన్ని. బల్బు నా బాధ్యతేనని నాకు తెలుసు. కసి, అంతే.

ఆ ‘చూద్దాం’ అన్న మాట ఉందే, అదే సగం తగువులకు మూలం. కాదు అని మొహం మీద చెప్పలేక మనం చూద్దాం అంటాం, వినేవాళ్లు ఔనన్నారని ఇంటికెళ్లి కేలండర్ చూసుకుంటారు. హాలుకు రంగు మీరు వేయించరు, అవునా? అయితే ఈ రోజే చెప్పేయండి. ‘ఇల్లు ఇచ్చే ముందే వేయించాం, మళ్లీ మూడేళ్ల దాకా వేయించం, మీకు నచ్చిన లేత రంగు మీ ఖర్చుతో వేసుకుంటానంటే మాకు అభ్యంతరం లేదు, ముదురు రంగులు మాత్రం వద్దు’ అనండి. ఒక రోజు మొహం ముడుచుకుంటారు, రెండో రోజు మామూలైపోతారు.

మరి ఏది ఎవరిది? కేంద్రం 2021లో రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం చివర ఓ పట్టీ ఉంది, నాకది బాగా నచ్చింది. నమూనా అంటే రాష్ట్రాలు దాన్ని చూసి తమ చట్టం చేసుకోవాలి, అంతే, అదే అక్షరాలా మనకు చట్టమని నేననడం లేదు, కానీ న్యాయంగా గీసిన గీత. గోడలు, స్లాబు, వెల్లవేయడం, తలుపులకూ కిటికీలకూ పెయింటు, పైపులు మార్చడం, వైరింగు - ఇవి ఓనరువి. కుళాయి, దాని వాషరు, స్విచ్చులు, సాకెట్లు, డ్రెయిన్ శుభ్రం, గొళ్లెం, తాళం, కిటికీ అద్దాలు, దోమల మెష్, గీజరు రిపేరు - ఇవి అద్దెకున్నవాళ్లవి. క్లుప్తంగా చెప్పాలంటే గోడలో ఉన్నది మనది, చేతికి తగిలేది వాళ్లది. ఆ లెక్కన మీ జాబితాలో తలుపు ఒక్కటే ఖాయంగా మీది, తలుపు ఉబ్బిందంటే అడుగున చెక్క నీళ్లు తాగుతోందన్నమాట, చిత్రిక పట్టించి ఊరుకోకండి, కింద అల్యూమినియం రేకు కొట్టించండి. మోటారు రెండు వాటాలకూ ఉమ్మడిది కాబట్టి అదీ మీదే. గీజరు మీరు పెట్టించి ఇచ్చింది అయితే, ఎర్తింగ్ వైరింగు లెక్కలోకి వస్తుంది కాబట్టి, నన్నడిగితే అదీ మీదే. రంగు సంగతి పైన చెప్పాను. మిగతావి వాళ్లవి.

అయితే ఈ పట్టీ తీసుకెళ్లి ఎనిమిది నెలల తర్వాత వాళ్ల మొహాన కొట్టకండి. ఇల్లిచ్చేటప్పుడు చెప్పలేదు కదా. నేనైతే ఇలా చేస్తాను. కాసిని టీలు పెట్టి ఇద్దర్నీ కూర్చోబెట్టి, మా ప్లంబరు నంబరిది, ఎలక్ట్రీషియన్ నంబరిది, చిన్నచిన్నవి మీరే పిలిపించి చేయించేసుకోండి, మా వంతు పని అయితే 500 వరకు మమ్మల్ని అడగక్కర్లేదు, బిల్లు ఫొటో పెట్టి అద్దెలో తగ్గించేయండి, అంతకు మించితే మాత్రం ముందు చెప్పండి అంటాను. మా పై వాటాల వాళ్లతో ఈ ఏర్పాటు పెట్టుకున్నాక నాకు నెలకో ఫోను కూడా రావట్లేదు. ఆ 500 ఎవరైనా అక్కర్లేకుండా ఖర్చుపెడతారేమోనని మావారు ఓ ఏడాది లెక్క రాశారు. వాషర్లు, ఒక ఫ్లష్ ట్యాంకు బంతి, మెట్ల దగ్గర ఒక బల్బు హోల్డరు. అంతే.

ఫోన్ల సంగతి. షాక్ కొట్టడం, చుక్క నీరు లేకపోవడం, మురుగు వెనక్కి తన్నడం, వీధి తలుపు తాళం పడకపోవడం, ఈ నాలుగింటికీ అర్ధరాత్రయినా ఫోను చెయ్యమనండి, ఎత్తండి. మిగతావన్నీ వాట్సాప్‌లో ఫొటోతో పెట్టమనండి. మీరు చెయ్యాల్సింది, ఆ సందేశానికి అదే రోజు ‘శనివారం ప్లంబరు వస్తాడు’ అని జవాబివ్వడం, శనివారం ప్లంబరు రావడం. అతను రాకపోతే ‘రాలేదు, సోమవారం’ అని మీరే ముందు చెప్పడం. మోటారు కోసం రాత్రి పదిన్నరకు ఫోన్ చేశారని కష్టపెట్టుకున్నారు కానీ తెల్లారితే పిల్లలకు స్కూలు, ఆ ఇల్లాలు ఏం చేస్తుంది చెప్పండి.

ఇక ఖాళీ చేయించడం గురించి. ఐదో తారీఖుకల్లా అద్దె వేసేవాళ్లను కుళాయి వాషరు కోసం పంపించి, టులెట్ బోర్డు తగిలించి రెండు నెలలు ఖాళీగా ఉంచితే 18,000 పోయినట్టు. ఆ డబ్బుతో విజయనగరం మొత్తానికి వాషర్లు వేయించొచ్చు. మీవారికి ఈ లెక్క నేను చెప్పానని చెప్పండి.

ప్రశ్న: మేడమ్, శ్రీకాకుళంలో మా నాన్నగారు 1994లో కట్టించిన డాబా ఇల్లు. నేను ఉద్యోగరీత్యా విశాఖలో ఉంటాను. అద్దెకున్నవాళ్లు బెడ్‌రూమ్ గోడ చెమ్మగా ఉంది, బూజు పడుతోంది, పిల్లాడికి దగ్గు అంటున్నారు. రెండేళ్లలో రెండుసార్లు పుట్టీ పెట్టించి రంగు వేయించాను. మళ్లీ అదే పాట. ఈమధ్య సీలింగ్ పెచ్చు కూడా ఊడిందట. వీళ్లను తృప్తిపరచడం నా వల్ల కాదు.

జవాబు: వాళ్లను తృప్తిపరచక్కర్లేదు బాబూ, ఆ గోడలో నీళ్లను ఆపండి చాలు. రెండుసార్లు రంగు వేయించారు, రెండుసార్లూ డబ్బు గోడకు పూసినట్టే అయింది. చెమ్మ మీద పుట్టీ పెడితే ఒక వర్షాకాలం కూడా నిలబడదు, లోపలి తడి బయటికి రావడానికి చూస్తుంది, వచ్చేటప్పుడు పొక్కులు లేపి పుట్టీని తోసుకుంటూ వస్తుంది.

నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తేల్చుకోవడానికి మేస్త్రీ కంటే ముందు అద్దెకున్నవాళ్లను అడగండి, ఆ గోడను రోజూ చూసేది వాళ్లే. వానలప్పుడే తడుస్తోందా, ఎండాకాలంలో ఆరుతోందా? అయితే పైనుంచి. ఏడాదంతా ఒకేలా ఉందా? అయితే పైపో బాత్రూమో. నేల దగ్గర మొదలై మోకాలెత్తు దాకా వచ్చి ఆగిపోయిందా? అయితే పునాదిలోంచి పైకి లాగుతోంది, దానికి వైద్యం వేరు. గోడకు అవతల బాత్రూం ఉంటే నీళ్లు బయటికి పోయే నహానీకి గుడ్డ బిగించి నాలుగు వేళ్ల లోతు నీళ్లు నింపి ఒక రోజంతా వదిలేయమనండి, మట్టం తగ్గినా, ఇవతల తడి పెరిగినా దొంగ దొరికినట్టే. దీనికి పైసా ఖర్చు లేదు. ఎవరూ చెయ్యరు. అందరూ రంగుల షాపుకే పరిగెడతారు.

పెచ్చు ఊడిందన్నారు చూడండి, అక్కడ నాకు అనుమానం స్లాబు మీదే. నా సొంత గోడు ఒకటి చెప్తాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా మేడ మీద పిట్టగోడ, స్లాబు కలిసేచోట వెంట్రుకంత పగులు పడింది. ట్యాంకు దొర్లిపోయింది, కిటికీ అద్దాలు పోయాయి, ఆ గొడవలో వెంట్రుకంత పగులు ఎవరికి పట్టింది? రెండేళ్లు పట్టించుకోలేదు. పై వాటాలో ఉన్న అమ్మాయి రెండుసార్లు చెప్పింది కూడా, ‘ఆంటీ, మూల తడిగా ఉంది’ అని. ఏ ఇంట్లో తడి లేదమ్మా అన్నాను. మూడో ఏడు ఓ పొద్దున వాళ్ల మంచం మీద అరచెయ్యంత పెచ్చు పడింది. మంచం మీద ఆ టైముకు ఎవరూ లేరు కాబట్టి ఇవాళ నేను మీకు సలహాలు చెప్పగలుగుతున్నాను.

జరిగేదేమిటంటే, నీళ్లు ఆ పగుల్లోంచి దిగి లోపల ఇనుప ఊచకు చేరతాయి. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉన్న చోటు చాలక చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొట్టి కిందికి తోస్తుంది. అదే పెచ్చు. అక్కడ సిమెంటు పూసి మూసేస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది, లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. వదులైన కాంక్రీటంతా కొట్టేసి, ఊచను వైరు బ్రష్షుతో రుద్ది, తుప్పు ఆపే పూత వేసి, ఆ తర్వాత పాలిమర్ కలిపిన మోర్టారుతో కట్టాలి. అంతకంటే ముందు పైన నీళ్లు ఆగాలి. ఊచల వెంబడి వరసగా పగుళ్లు కనిపిస్తే మాత్రం మేస్త్రీతో సరిపెట్టకండి, ఇంజినీరును తీసుకెళ్లి చూపించండి, ఆ గది ఖాళీ చేయించి మరీ.

మేడ ఎక్కి చూడండి. తూముల్లో ఆకులు నిండి ఉంటాయి, వాన వెలిశాక మర్నాటికి కూడా ఎక్కడో ఓ మూల నీళ్లు నిలబడి ఉంటాయి, పిట్టగోడ, స్లాబు కలిసే మూలలో సిమెంటు పూత విడిపోయి ఉంటుంది. మీ ఊరు 2018 అక్టోబరులో తిత్లీ తుపాను దెబ్బ కూడా తిన్నది కదా, అప్పటి పగుళ్లు ఏవైనా మిగిలాయేమో వెతకండి. పని సంక్రాంతి వెళ్లాక పెట్టుకుని ఎండలు ముదిరేలోపు ముగించండి, గోడ ఆరడానికి టైము కావాలి. అక్టోబరు, నవంబరుల్లో మన తీరంలో ఈ పని మొదలుపెట్టడమంటే పందెం కాసినట్టే. ఈలోగా వానొస్తే పైన టార్పాలిన్ వేయించండి.

ఆ గది వాడుకోలేని రోజులకు అద్దె కొంత తగ్గించండి. వాళ్లు అడిగేదాకా ఆగకండి, మీరే అనండి, దగ్గుతున్న పిల్లాడున్న ఇల్లది. రిపేరు ఖర్చు ఆదాయపన్నులో చూపించుకోవచ్చా అని కూడా రాశారు. ఇంటి అద్దె ఆదాయంలో, మునిసిపల్ పన్ను తీసేశాక, 30 శాతం ఎలాగూ మినహాయిస్తారు. మీరు రిపేరుకు రూపాయి పెట్టినా లక్ష పెట్టినా అంతే, రిపేరుకని విడిగా ఇవ్వరు. ఆ 30 శాతం ఇంటికే అనుకుని ఏటా పక్కన పెట్టుకున్నవాడికి పెచ్చులు ఊడినప్పుడు అప్పు చెయ్యాల్సిన పని ఉండదు. నేను పెట్టుకోలేదు, అప్పు చేశాను.

ప్రశ్న: మా అద్దెవాళ్లు ఏసీ పెట్టుకుంటాం, లైను వేయించండి అంటున్నారు. మేమే ఏసీ లేకుండా బతుకుతున్నాం. వేయించాలా? - చీపురుపల్లి

జవాబు: మనం లేకుండా బతుకుతున్నామన్నది వాళ్లకు సమస్య కాదు కదండీ. ఏసీ వాళ్లు కొనుక్కుంటారు, తీసుకెళ్లిపోతారు, లైను మాత్రం గోడలో మీకే ఉండిపోతుంది, రేపు ఇంకొకరికి ఇచ్చేటప్పుడు ఏసీ పాయింటు ఉందని చెప్పుకోవచ్చు. అందుకని లైను మీది, ఏసీ వాళ్లది. టన్నున్నర ఏసీకి మీటరు బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగించి, దానికి వేరే ఎంసీబీ పెట్టించండి. ఉన్న ప్లగ్గులోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సుతో లాగుతామంటే మాత్రం ఒప్పుకోకండి, పాత వైరు వేడెక్కి గోడలోనే మాడుతుంది. సర్వీసు లోడు సరిపోతుందో లేదో కరెంటు ఆఫీసు (ఈపీడీసీఎల్) వాళ్లతో చూపించుకుని పెంచాలంటే పెంచండి, ఆ రుసుము చెరిసగం అనుకోవచ్చు. ఇద్దరికీ ఒకటే మీటరుంటే ముందు విడగొట్టండి, యూనిట్లు పెరిగేకొద్దీ పై స్లాబు రేటు పడుతుంది కాబట్టి వాళ్ల ఏసీ వల్ల మీ ఫ్యాను కూడా ఖరీదెక్కుతుంది.

ప్రశ్న: మాది విజయనగరంలో మూడులాంతర్లకు దగ్గర్లో ఇల్లు. అగ్రిమెంటులో నలుగురే ఉంటామని రాసిచ్చారు, పోయిన పైడితల్లి అమ్మవారి సిరిమాను పండక్కి వాళ్ల ఊరు ఊరంతా దిగారు. నేను లెక్కపెట్టాను, ఇరవై ఆరుగురు. ట్యాంకు రోజుకు మూడుసార్లు నింపాం. రెండో రోజు సెప్టిక్ ట్యాంకు పొంగింది. బండి ఖర్చు వాళ్లివ్వాలా వద్దా? ఈ ఏడు చుట్టాలు వద్దని ముందే చెప్పనా?

జవాబు: సిరిమాను ఊరేగింపు గుడి దగ్గర్నుంచి కోట దాకా మూడుసార్లు తిరిగే ఆ వీధుల పక్కన ఇల్లుండి, దసరా వెళ్లిన మంగళవారం నాడు చుట్టాలు రాకూడదంటే అమ్మవారు కూడా ఒప్పుకోదండీ. సోమవారం తొలేళ్లకే దిగుతారు, బుధవారం వరకు కదలరు. నా ఇంట్లో కూడా అదే. మీ మేడ మీదికి మీ వాళ్లెంతమంది ఎక్కారో అది రాయలేదు మీరు.

నలుగురే ఉంటాం అన్న మాట కాపురానికి సంబంధించింది, పండక్కి రెండు రాత్రులుండే చుట్టాలకు కాదు. నెలల తరబడి ఉండిపోతే అప్పుడడగండి. ఇక సెప్టిక్ ట్యాంకు. మీ ఉత్తరం అడుగున ‘ఇల్లు కొన్నాక ఏడేళ్లలో ఎప్పుడూ ఇలా కాలేదు’ అన్నారు, అంటే ఏడేళ్లుగా తీయించలేదన్నమాట. రెండు మూడేళ్లకోసారి తీయించాలి దాన్ని. అది నిండే ఉంది, ఆ ఇరవై ఆరుగురు ఆఖరి చెంబు పోశారు. బండి ఖర్చు మీదే. ఒకవేళ బండివాడు తీసినప్పుడు గొట్టంలో గుడ్డలో, పిల్లల డైపర్లో, ప్యాడ్లో దొరికి ఉంటే, అప్పుడు మాత్రం వాళ్లది, ఆ ఫొటో తీసి ఉంచుకోవాల్సింది.

ఈసారి దసరాకు ముందే బండి పిలిపించి తీయించేయండి. మోటారు టైములు కాగితం మీద రాసి మెట్ల దగ్గర అంటించండి. నీళ్ల ట్యాంకరు తెప్పించాల్సి వస్తే ఖర్చు ఎవరిదో ఇప్పుడే అనేసుకోండి, పండగ పూట బకెట్లు పట్టుకుని వాదించుకోవడం బావుండదు.

ప్రశ్న: మా అద్దెవాళ్లు మాతో ఒక్కమాట చెప్పకుండా వంటింట్లో అరలు, అద్దాల తలుపులు పెట్టించి 18,000 అయిందని రెండు నెలల అద్దె ఎగ్గొట్టారు. రిపేరే కదా అంటారు. అగ్రిమెంటు రాసుకోలేదు. మా బావమరిది నీళ్ల మోటారు ఆపేయ్, వారంలో దారికొస్తారు అంటున్నాడు. చట్టం ఏమంటుంది? - ఆమదాలవలస

జవాబు: మోటారు మీద చెయ్యి వేయకండి, మీ బావమరిది మాట వింటే న్యాయం మీ వైపున్న తగువు కాస్తా వాళ్ల వైపుకు పోతుంది. ఓనరు నీళ్లు, కరెంటు లాంటివి ఆపకూడదని 1960 నాటి అద్దె నియంత్రణ చట్టంలోనే ఉండేది, 2021 నమూనాలో కూడా ఆ మాట ఉంది.

వాళ్ల వాదనకు ఒక మూలం ఉంది, అది కూడా తెలుసుకోండి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షను కింద, ఓనరు చెయ్యాల్సిన రిపేరును చెప్పిన తర్వాత కూడా తగినంత టైములో చెయ్యకపోతే, అద్దెకున్నవాళ్లు చేయించుకుని ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో తగ్గించుకోవచ్చు. కానీ చూడండి, ముందు చెప్పాలి, అది మీరు చెయ్యాల్సిన రిపేరై ఉండాలి, టైము ఇవ్వాలి. అద్దాల అరలు రిపేరు కాదు, ముచ్చట. ముచ్చటకు ఖర్చు ముచ్చటపడ్డవాళ్లదే, వెళ్లేటప్పుడు గోడ పాడుచెయ్యకుండా విప్పుకుపోవచ్చు. మీకు ఆ అరలు పనికొస్తాయనిపిస్తే ఎంతో కొంతకు మీరే ఉంచేసుకోవచ్చు కూడా, ఐదారు వేలకు బేరమాడి చూడండి, కోర్టు గుమ్మం ఎక్కకుండా తెమిలిపోయే దారి అదొక్కటే కనిపిస్తోంది నాకు.

తెమలకపోతే బాకీ ఎంతో, ఏ నెలలదో రాసి స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచండి. అద్దె నెలవారీది అయి, అగ్రిమెంటులో వేరే మాట లేకపోతే, ఖాళీ చెయ్యమనడానికి అదే 1882 చట్టం 106వ సెక్షను ప్రకారం 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసివ్వాలి. అది మాత్రం వకీలుతో రాయించండి. అగ్రిమెంటు లేదన్నారు, ఈసారి నుంచి పెట్టుకోండి. అందులో ‘రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఇంట్లో మార్పులు చెయ్యరాదు’ అని ఒక్క లైను చేర్చండి. ఇల్లిచ్చే రోజు ఫోనుతో గదిగదీ వీడియో తీసి వాళ్లకూ ఒకటి పంపండి, ఖాళీ చేసే రోజు ఎవరి జ్ఞాపకశక్తీ పరీక్షించక్కర్లేదు.

ప్రశ్న: మామ్మగారూ, ఈ శీర్షిక ఓనర్లకేనా? మేం కొత్తగా పెళ్లయినవాళ్లం, శ్రీకాకుళంలో మేడ మీద అద్దెకుంటున్నాం. ఓనరమ్మగారు చాలా మంచావిడ, కూరలు కూడా పెడతారు. కానీ కుళాయి చూస్తాననో, గోడ చూస్తాననో ఎప్పుడు పడితే అప్పుడు తన దగ్గరున్న తాళంతో తీసుకుని వచ్చేస్తారు. ఎలా చెప్పాలో తెలియట్లేదు.

జవాబు: చెప్పాలి తల్లీ, కూరలు తింటూనే చెప్పాలి. నమూనా చట్టంలో అయితే ఓనరు రావాలంటే 24 గంటల ముందు చెప్పాలి. ఆవిడకు చట్టం వినిపించకు, నొచ్చుకుంటారు. ‘పిన్నిగారూ, మీరొస్తున్నారంటే ఇల్లు సర్దుకుంటాం కదా, ఒక్క ఫోను చెయ్యండి’ అను. రెండుసార్లు చెప్పినా మారకపోతే లోపలి గడియ వేసుకోవడం అలవాటు చేసుకోండి, మీరు ఊళ్లో లేనప్పుడు వాడటానికని ఆ రెండో తాళం కవర్లో పెట్టి అంటించి, పైన మీ ఆయన సంతకం పెట్టి ఆవిడకే ఇవ్వండి. కవరు చింపి రావాలంటే ఎవరికైనా ఒక క్షణం చెయ్యి ఆగుతుంది.

ఇది నాకెలా తెలుసంటే, ఆ ఓనరమ్మను నేనే. పదేళ్ల కిందట వేసవిలో వడియాలు పెట్టుకోవడానికి పై వాటా వంటింట్లోంచి మేడ మీదికి దారి దగ్గరని తాళం తీసుకుని తిన్నగా వెళ్లిపోయాను, ఆ కుర్రాడు అప్పుడే స్నానం చేసి తువ్వాలుతో బయటికొచ్చాడు. పిండి పళ్లెం అక్కడే వదిలేసి దిగిపోయాను. అతనే దాన్ని మేడ మీదికి తీసుకెళ్లి, తెలిసీ తెలియక వడియాలన్నీ అరచేతులంత పెట్టి వచ్చాడు.